చౌడు ఒక్కటే పేరు, రోగాలు రెండు

ఇవాళ రుద్రూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఇటు బోధన్, అటు వర్ని, పొలాలకు నిజాంసాగర్ కాలువ నీళ్లు. చెరకు, వరి పరిశోధన స్థానం కూడా ఈ ఊర్లోనే ఉంది.

ఇక్కడ ఏ రైతును అడిగినా నేల పేరు టక్కున చెప్తరు. నల్లగా ఉంటే రేగడి, ఎర్రగా ఉంటే చల్క, ఇసుక ఎక్కువుంటే దుబ్బ. ఈ పేర్లను తక్కువ చేసి చూడొద్దు. ఇంగ్లీషు పుస్తకాల్లో నల్ల నేలను 'రెగర్' అంటారు కదా, అది మన రేగడే.

శాస్త్రవేత్తలు వాడే అమెరికా పద్ధతిలో ప్రపంచంలోని నేలలన్నీ 12 వర్గాలు. లోతైన రేగడి అందులో 'వర్టిసోల్', మన ఎర్ర చల్కల్లో చాలావరకు 'ఆల్ఫిసోల్'. వర్టిసోల్ అనాలంటే నలుపు ఉంటే చాలదు. బంకమన్ను కనీసం 30 శాతం ఉండాలి, ఎండకు నెర్రెలు బారాలి. అంటే చూసేది రంగును కాదు, గుణాన్ని. నల్లగా ఉంది కాబట్టి సారం ఎక్కువ అనుకోవద్దు. మన రేగడిలో సేంద్రియ కర్బనం మామూలుగా తక్కువే.

ఇక అసలు సంగతి, చౌడు. రేగడిలో నీళ్లు తొందరగా దిగవు. కాలువ నీళ్లు పెట్టుకుంటూ పోయి, మురుగు పోయే దారి చూడకపోతే అడుగు నీరు పైకొస్తది. నీరు ఆవిరైపోతది, ఉప్పు పైన మిగులుతది.

అయితే చౌడు రెండు రకాలు. పాలచౌడులో పైన తెల్లటి ఉప్పు పొర కనిపిస్తది, పీహెచ్ 8.5 లోపే ఉంటది. మురుగు కాలువ తీసి, మంచి నీళ్లు నిలగట్టి ఆ ఉప్పును కడిగెయ్యాలి. కారుచౌడులో సమస్య మట్టి రేణువులకు అంటుకున్న సోడియం. పీహెచ్ 8.5 దాటుతది, నీళ్లు ఇంకవు, ఎండితే గట్టిపడతది. దీనికి జిప్సం వెయ్యాలి. జిప్సంలోని కాల్షియం సోడియంను విడగొడితే, ఆ తర్వాత నీళ్లతో బయటికి పంపాలి. జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే నేల ఇంకా గుల్లబారతది.

పేరు తప్పితే ఏమైతది? ఉత్త పాలచౌడుకు జిప్సం పోస్తే డబ్బులు దండగ. కారుచౌడును జిప్సం లేకుండా కడిగితే బాగుపడదు. రెండూ కలిసిన నేలలు కూడా ఉంటయి. వాటిని ఉత్త నీళ్లతో కడిగితే ఉప్పు పోతది, సోడియం ఉండిపోతది, మట్టి ఇంకా బిగుసుకుంటది.

అందుకే కంటితో చూసి తేల్చెయ్యకండి, మట్టి పరీక్ష చేయించండి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చౌడు మచ్చలో తీసిన మట్టిని మంచి చోట తీసిన మట్టితో కలపొద్దు, వేరే సంచిలో కట్టండి. కలిపితే వచ్చేది సగటు లెక్క, అందులో రోగం కనబడదు. రిపోర్టులో పీహెచ్, ఈసీ రెండూ చూడండి. కారుచౌడు అని తేలితే ఎకరాకు జిప్సం ఎంతో ల్యాబ్ వాళ్లనే అడగండి, పక్క పొలం లెక్క మీకు పనికిరాదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.