వారం వారం ఒక అతిథి
(ఎలవూరు తెలుగువారి ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



మేము ఉపన్యాసకులము కాము. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. మా వృత్తి రైల్వేలో గుమాస్తాగిరీ. అయినా కార్యవర్గమువారు ఒక పని అప్పగించినారు. మన సంఘము ఈ ఏటినుండి వారం వారం సమావేశము కావాలనీ, ప్రతి సమావేశానికి ఒక అతిథిని పిలిచి మాట్లాడించాలనీ తలపెట్టినది. సేవాసంఘాలలో ఈ పద్ధతి ఎట్లా నడుస్తుందో, మనకెట్లా పనికివస్తుందో చెప్పమన్నారు. తెలిసినంత మనవి చేస్తాము.

ఈ పద్ధతికి పేరుపడ్డది రోటరీ సంఘము. 1905 ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని షికాగో నగరములో పాల్ హారిస్ అనే వకీలు ముగ్గురు స్నేహితులతో ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు దర్జీ. ఆ తరువాత ఒక్కొక్కసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకొన్నారు. అట్లా చక్రమువలె తిరిగేది కాబట్టి రోటరీ అని పేరు వచ్చినది. మన దేశములో మొదట కలకత్తా సంఘము 1920లో గుర్తింపు పొందినది. మద్రాసులో 1929లో వెలసినది. వారానికొక సమావేశము, ఫలాహారము, ఒక అతిథి అరగంట ఉపన్యాసము, కొన్ని ప్రశ్నలు, వందన సమర్పణ — ఇదీ వారి ఆనవాయితీ. వారం వారం కలియడము అందరికీ సాధ్యపడటము లేదని 2016లో నిబంధన సడలించి, నెలకు రెండుసార్లయినా చాలునన్నారు. అంతటి సంఘానికే కష్టమైన పనిని మనము తలపెడుతున్నామని ముందే గుర్తుంచుకొందాము.

వారి పద్ధతిలో మాకు బాగా నచ్చినది ఒకటున్నది. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్కరు చొప్పున సభ్యులను చేర్చుకొనేవారు. కొత్తగా చేరినవాడు తన వృత్తిని గూర్చి సభలో మాట్లాడేవాడు. దర్జీ గుడ్డను గూర్చి చెబితే వకీలు వినేవాడు. అంటే ఉపన్యాసకుడు దూరమునుండి దిగిరానక్కరలేదు. పక్కింటివాడు కూడా తన పనిని గూర్చి నోరు విప్పితే అతిథే.

వినడమువల్ల ఏమి ఒరుగుతుందని అడిగేవారున్నారు. 1985లో రోటరీవారు లోకమునుండి పోలియోను తరిమివేయాలని పూనుకొన్నారు. వారం వారం సభలలో డాక్టర్లు వచ్చి ఆ జబ్బు సంగతి చెప్పడము, విన్నవారు చందాలు వేయడము, చుక్కల మందు వేసే రోజున వీధిలోకి వెళ్ళి నిలబడడము — ఇట్లా ఏళ్ళ తరబడి సాగినది. ప్రభుత్వాలు, ఆరోగ్య సంస్థలు, లక్షలాది కార్యకర్తలు కలిసి చేసిన పని అది. మన దేశములో చివరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనిపించినది. 2014 మార్చి 27వ తేదీన మన ప్రాంతము పోలియో లేనిదని ప్రకటించినారు. చెవితో విన్నది చేతిలోకి దిగితే ఇంత జరుగుతుంది.

ఇదంతా దొరల పద్ధతి, మనకెందుకు అనుకోనక్కరలేదు. ఈ ఉదయము మనము చేసినదేమిటి? సిద్ధాంతిగారిని పిలిచి, పీట వేసి, పంచాంగ శ్రవణము చేసినాము. ఆదాయ వ్యయాలు వినేటప్పుడు ఒక్కరయినా కునికిపాట్లు పడినారా? పల్లెకు హరిదాసు వస్తే తెల్లవార్లూ కూర్చున్న జాతి మనది. వినడము మనకు కొత్త కాదు. క్రమము తప్పకుండా వినడము మాత్రమే కొత్త.

మన చరిత్రలోనే ఒక అతిథి ఉపన్యాసకుని కథ ఉన్నది. 1907 ఏప్రిలులో వంగదేశమునుండి బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యాసాలిచ్చినాడు. ఆయన మాట్లాడినది ఇంగ్లీషు. దానిని తెలుగు చేసి జనానికి అందించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు. ఆ రోజులలో అక్కడి ట్రైనింగు కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వందేమాతరము ఉద్యమములో పాల్గొన్నందుకు కాలేజీనుండి వెళ్ళగొట్టినారు. తరువాత ఆయన గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితము ధారపోసినారు. అతిథికి తెలుగు రాకపోయినా ఫరవాలేదు. మంచి అనువాదకుడు ఉంటే చాలునని ఆ సభ మనకు నేర్పుతున్నది. ఎలవూరులో ఉన్న మనకు ఇది ముఖ్యము. తమిళ సోదరులలో విద్వాంసులు, డాక్టర్లు, ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వారిని సగౌరవముగా పిలుద్దాము. వారు తమిళములో చెప్పనివ్వండి; మనలో ఒకరు లేచి తెలుగు చేయనివ్వండి. రెండు భాషలూ సభలో పక్కపక్కన కూర్చుంటాయి.

మన జిల్లాలోని తిరుత్తణిలోనే 1888లో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1926లో ఆక్స్‌ఫర్డులో అతిథిగా మాట్లాడి హిందూ జీవన దృక్పథమును అక్కడివారికి వివరించినారు. ఆ ఉపన్యాసాలే పుస్తకమై లోకమంతటా చదువబడినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చేరినది. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని కొన్ని ఊళ్ళు ఆంధ్రకు పోయినవి. గీత మారినది, ఇళ్ళలో మాట మారలేదు. మనలో చాలామందిమి ఉద్యోగానికో, వ్యాపారానికో వచ్చి ఇక్కడ స్థిరపడినవారము. కాని తెలుగు మనకన్న ముందే ఈ నేలమీద ఉన్నది.

ఆ మాటను మన పిల్లలు ఎక్కడ వింటున్నారు? అసలు సంగతి ఇక్కడున్నది. 2006లో వచ్చిన చట్టము ప్రకారము ఈ రాష్ట్రములో ఒకటవ తరగతినుండి అంచెలంచెలుగా తమిళము తప్పనిసరి పాఠమైనది. ఉన్న గడ్డ భాష నేర్చుకోవలసినదే; దానిలో మనకు పేచీ లేదు. కాని మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడతారు, అక్షరము చదవలేరు. ఇంట్లో వారు వినే తెలుగు ఎంత? అన్నం తిను, స్నానం చెయ్యి, ఫోను పక్కన పెట్టు — అంతే. ఒక విషయాన్ని ఎత్తుకొని, కారణము చెప్పి, ఉదాహరణ చూపి, ముగింపుదాకా నడిపించే తెలుగును వారు వినే అవకాశమే లేదు. పుస్తకము చదవలేని పిల్లవానికి చెవి ఒక్కటే తలుపు. ఆ తలుపు కూడా మూసుకొంటే, పాతికేళ్ళ తరువాత ఈ ఉగాది సభలో వచ్చేవారు పచ్చడి తిని పోతారు, ప్రసంగము అర్థము కాదు. వారం వారం సభ పెట్టడము ఇందుకే.

ఎవరిని పిలవాలి? మన లైను వెంబడే చూడండి. గుమ్మిడిపూండి, ఎలవూరు, ఆరంబాక్కం, తడ, సూళ్ళూరుపేట. అక్కడినుండి శ్రీహరికోట ఎంత దూరము? 1971నుండి అక్కడ రాకెట్లు ఎగురుతున్నవి. అక్కడ పనిచేసి రిటైరైనవారిని అడుగుదాము. పులికాటు సరస్సులో ఉప్పునీరు, మంచినీరు ఎట్లా కలుస్తాయో, ఏ నెలలో రొయ్య పడుతుందో జాలరి చెబితే ఏ ప్రొఫెసరూ సరిపోడు. ఎండాకాలములో పట్టా సాగుతుంది, దానిని కనిపెట్టి ప్రమాదము తప్పించేది గ్యాంగ్‌మన్. ఆయన ఒక సాయంకాలము మాట్లాడితే రైలెక్కే ప్రతివాడూ ఆయనకు దండము పెడతాడు. ఆస్పత్రి నర్సమ్మను పిలుద్దాము. మనలోని పెద్దమ్మలను కూడా పిలుద్దాము. ఊరగాయ బూజు పట్టకుండా ఏడాది నిలపడము ఒక శాస్త్రము కాదా?

ఇక ఏర్పాట్లు. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని పెద్దలు అర్థము చెప్పినారు. మన అతిథి మాత్రము తిథి, గంట, నిమిషము చూచుకొని రావలె. కాబట్టి మూడు వారాల ముందు జాబు వ్రాయాలి. విషయము, వినేవారెవరు, ఎంతసేపు అన్న మూడూ అందులో ఉండాలి. ఏ బండికి వస్తారో కనుక్కొని ప్లాట్‌ఫారము మీద ఒకరు నిలబడాలి. ముప్పయి నిమిషాలు ప్రసంగము, పది నిమిషాలు ప్రశ్నలు. మొదటి ప్రశ్న పిల్లలది.

“రెండు మాటలు మనవి చేస్తాను” అని లేచి గంటసేపు దిగనివారిని మనమందరము ఎరుగుదుము. పూర్వము ఒంటి లైనులో డ్రైవరు టోకెను పుచ్చుకొని బయలుదేరేవాడు. ముందు స్టేషనులో దానిని అప్పగిస్తేనే రెండో బండికి దారి. మైకు కూడా టోకెనే. పుచ్చుకొన్నవారు వేళకు అప్పగించాలి. అతిథిని పరిచయము చేసేవారు అతిథికన్న ఎక్కువ మాట్లాడరాదు. శాలువాకు పెట్టే డబ్బు నోటు పుస్తకాలకు పెట్టినా అతిథి నొచ్చుకోడు.

నోటు పుస్తకము ఎందుకంటారా? ప్రతి వారము ఒక పిల్లవాడో పిల్లో విన్నదానిని ఒక పేజీ తెలుగులో వ్రాయాలి. అక్షరాలు రానివారు చెబితే వచ్చినవారు వ్రాసిపెట్టి, పక్కన కూర్చోబెట్టుకొని దిద్దించాలి. మరు వారము ఆ పేజీ చదివిన తరువాతే కొత్త అతిథి లేవాలి. ఏడాది తిరిగేసరికి యాభై పేజీలు. వచ్చే ఉగాది సంచికలో మావంటివారి ప్రసంగానికి బదులు ఆ పేజీలు అచ్చు వేయవచ్చును.

మాకిచ్చిన వేళ అయినది. టోకెను అప్పగిస్తున్నాము. మొదటి సమావేశానికి తారీకు వేయవలసినదిగా అధ్యక్షులవారిని కోరుతున్నాము.