తెగతెంపుల కాగితము - బిడ్డ హక్కు



ఆలుమగలకు పొందిక చెడినప్పుడు ఊరి పెద్దలు కూర్చుండి తగవు తీర్చుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న మర్యాద. కోర్టుల చుట్టు తిరిగి యిల్లు గుల్ల చేసికొనుటకంటె రచ్చబండ కడ నాలుగు మాటలతో తేల్చుకొనుట మేలని పెద్దలు తలంతురు. ఆ తలంపును నేను తప్పుపట్టను. తగవు ముగిసిన పిమ్మట వ్రాయబడు కాగితమును గూర్చియే నేడు మీతో మాటలాడదలచితిని. ఏలయనగా ఆ కాగితముపై చేవ్రాలు చేయువారు ఇరువురు. దాని ఫలమనుభవించునది మూడవ ప్రాణి. ఆ పసిబిడ్డ పక్షమున పలుకువారు పంచాయితీలో తరచుగా నుండరు.

న్యాయవాదిగా నా కంటబడు కాగితములు ఇంచుమించు ఒకే తీరున నుండును. ఇష్టము లేనందున పెద్దల యెదుట తెగతెంపులు చేసికొంటిమనునది మొదటి మాట. ఇచ్చిపుచ్చుకొనుటలు ముగిసినవనునది రెండవది. బిడ్డను తల్లి పెంచుకొనవలెననియు, ఇకమీదట తండ్రికిని బిడ్డకును ఎట్టి సంబంధమును లేదనియు కడపటి మాట. క్రింద సాక్షుల వ్రాళ్లు, వేలిముద్రలు, ఒక్కొక్కచో నోటరీ ముద్ర. వీనిలో మొదటి మాట తరచుగా చెల్లదు. కడపటిది యెన్నడును చెల్లదు. ఎట్లో మనవి చేసెదను.

చెన్నరాజధానిలోని ఆంధ్ర జిల్లాలకు 1949వ సంవత్సరమున ఒక చట్టము వచ్చి, హిందువులకు బహుభార్యాత్వమును నిషేధించి, కోర్టు ద్వారా విడాకులకు దారి చూపినది. దాని స్థానమున 1955లో హిందూ వివాహ చట్టము వచ్చినది. ఈ చట్టము కులాచారమును పూర్తిగా త్రోసివేయలేదు. ఒక కులమున విడాకుల ఆచారము చిరకాలముగా, ఎడతెగక, ఒకే తీరున నడచుచున్నచో దానిని 29వ విభాగము కాపాడినది. కాని అట్టి ఆచారమున్నదని సాక్ష్యముతో ఋజువు చేయుట దానిని చెప్పుకొనువాని భారము. ఋజువు కానిచో స్టాంపు కాగితమైనను, నోటరీ ముద్ర యైనను పెండ్లిని తెంచజాలదు. దానిని నమ్మి మారుమనువాడినచో ఆ రెండవ పెండ్లి చెల్లదు, పైగా నేరమగును. ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులకు సాధారణముగా వారి ఆచారమే ప్రమాణము. ముస్లిములకును క్రైస్తవులకును విడాకుల చట్టములు వేరు.

ఇరువురకును సమ్మతమైనచో హిందువులకు సుగమమైన దారి యొకటి కలదు. 1976లో చేర్చిన 13-బి విభాగము ననుసరించి, ఏడాదికి తక్కువ గాకుండ వేరుగ నున్న దంపతులు కలసి అర్జీ పెట్టుకొనవచ్చును. ఆరు మాసములు గడచిన పిమ్మట, పదునెనిమిది మాసములు దాటక మునుపు, మరల వచ్చి తమ సమ్మతిని చెప్పవలెను. కలియుటకు ఆశ లేనప్పుడు ఆ ఆరు మాసముల గడువును కోర్టు తీసివేయవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. పెద్దలు కుదిర్చిన రాజీని ఈ అర్జీతో జతపరచినచో రచ్చబండ మాటకు కోర్టు బలము కలుగును.

ఇక బిడ్డ యెవరికడ నుండవలెనను ప్రశ్న. "పిల్లవాడు మా వంశాంకురము" అని తండ్రివైపువారును, "కన్నతల్లిని నేను" అని ఆమెయు వాదింతురు. 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, సంరక్షక చట్టము మైనరునకు సహజ సంరక్షకునిగా తండ్రిని, ఆ తరువాత తల్లిని పేర్కొన్నది. తరువాత ననగా తండ్రి మరణించిన పిమ్మటనే యని కాదనియు, అతడు బాధ్యత వహింపనప్పుడును తల్లియే సంరక్షకురాలనియు సుప్రీంకోర్టు 1999లో విశదీకరించినది. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లికడ నుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. వీటన్నింటికిని పైమాట 13వ విభాగమున నున్నది. బిడ్డ క్షేమమే సర్వోన్నతము. ఎవరి హక్కు పెద్దదని గాక, ఎవరికడ బిడ్డ సుఖముగా పెరుగునని న్యాయాధిపతి చూచును. ఊహ తెలిసిన బిడ్డ మాటను కూడ వినవచ్చును. స్థితిగతులు మారినచో ఆ యుత్తరువును మార్చవచ్చును. ఒకరికడ బిడ్డ యున్నంత మాత్రమున రెండవవారికి చూపు కరవు కారాదు; సెలవులకు, పండుగలకు వచ్చిపోవు ఏర్పాటును కోర్టు చేయును.

ఇప్పుడు మనోవర్తి మాట. ఒక లెక్క చూడుడు. అయిదేండ్ల పిల్లకు ఒకేసారి లక్ష రూపాయలిచ్చి తండ్రి చేతులు దులుపుకొన్నాడనుకొందము. ఆమెకు పదునెనిమిదేండ్లు నిండుటకు ఇంక 13 ఏండ్లు, అనగా 156 మాసములు. లక్షను 156 చేత భాగించినచో నెలకు 641 రూపాయలు. దానితో తిండి పెట్టుటయా, బట్ట కట్టుటయా, బడికి పంపుటయా? పంచాయితీనాడు పెద్ద మొత్తముగా తోచినది బిడ్డ వయస్సుతో భాగించిన పిమ్మట పిడికెడు బియ్యమగును. తగవు తీర్చు పెద్దలందరును మొదట ఈ భాగహారము చేయవలెనని నా ప్రార్థన.

ఆ మనోవర్తిని వదలుకొనుటకు తల్లికి గాని, వదలించుటకు పెద్దలకు గాని అధికారము లేదు. అది బిడ్డ సొత్తు. తల్లి "నాకేమియు అక్కరలేదు" అని వ్రాసియిచ్చినను, బిడ్డ పక్షమున అర్జీ పెట్టుటకు అడ్డు లేదు. ముందిచ్చిన సొమ్మును న్యాయాధిపతి లెక్కలోనికి తీసికొనునే గాని కోర్టు తలుపు మూయడు. 1898వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ విభాగముగాను, 1973వ సంవత్సరపు కోడులో 125వ విభాగముగాను నుండిన ఈ హక్కు, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ విభాగమై యున్నది. దీనికి మతభేదము లేదు. తల్లిదండ్రుల పెండ్లి చెల్లినను చెల్లకున్నను బిడ్డ హక్కు చెడదు. తల్లి తాను నివసించు చోటనే అర్జీ పెట్టుకొనవచ్చును. ఇరుపక్షములును తమ రాబడిని, ఆస్తిని ప్రమాణపత్రముతో తెలుపవలెననియు, అర్జీ పెట్టిన నాటినుండియే మనోవర్తి లెక్కింపవలెననియు సుప్రీంకోర్టు 2020లో నిర్దేశించినది. ఉత్తరువైన పిమ్మటను తగిన కారణము లేక చెల్లింపనివానికి వారెంటు, ఆపైని చెఱయు కలవు. అయితే బాకీ పడిన నాటినుండి ఏడాదిలోపల వసూలునకు అర్జీ పెట్టవలెను. ఈ గడువును మరువరాదు.

కాబట్టి పెద్దలారా, తగవు తీర్చుట మానుడని నేను చెప్పుట లేదు. 1984వ సంవత్సరపు కుటుంబ న్యాయస్థానముల చట్టము న్యాయాధిపతికే మొదట రాజీకి యత్నింపుమని విధించినది. మీరు చేయుచున్నదియు ఆ పనియే. కాని కాగితము వ్రాయించునప్పుడు ఈ సంగతులు అడుగుడు. బిడ్డ యెవరి యింట నుండును? నెలకెంత, ఏ తేదీన, ఏ బ్యాంకు ఖాతాలో పడును? ఏటేట ఎంత పెరుగును? బడి జీతము, వైద్యపు వ్యయము ఎవరివి? రెండవవారు బిడ్డను ఏ దినములలో చూతురు? ఇవి వ్రాసి, సంబంధము లేదను మాటను కొట్టివేసి, ఇరువురిని కోర్టునకు పంపుడు.

ప్లీడరు ఖర్చునకు జంకవలసిన పని లేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము ననుసరించి స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని రాబడితో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని ఏర్పరతురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమున అడిగిన చాలును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

భార్యాభర్తల ఋణానుబంధము తీరవచ్చును. తండ్రీబిడ్డల బంధము ఏ పంచాయితీలోను తీరదు. మీరు వ్రాయించిన కాగితమును ఆ బిడ్డ పెద్దదై చదువుకొను దినము వచ్చును. ఆనాడు తన మేలు తలచినవారు అక్కడ ఒక్కరైన నుండిరని ఆ బిడ్డ తెలిసికొనునట్లు వ్రాయింపుడు.