సృష్టికర్త సృష్టిని విడిచిపోయాడా?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలుగా ఈ పాఠశాలలో ప్రతి ఉదయమూ ప్రార్థనతోనే మొదలవుతున్నది. చేతులు జోడించిన పిల్లలలో ఎవరో ఒకరికి ఏదో ఒకనాడు సందేహం కలుగక మానదు. ఈ లోకాన్ని చేసిన దేవుడు మన మొర వింటున్నాడా? లేక చేసిపెట్టి తన దారిన తాను వెళ్ళిపోయాడా? ఇటువంటి ప్రశ్నను అదలించి కూర్చోబెట్టడం విద్య అనిపించుకోదు. అందుచేతనే ఈ శుభసమయాన దానినే ప్రస్తావిస్తున్నాను.

ఈ సందేహం కొత్తది కాదు. 1715లో ఐరోపా పండితుల నడుమ దీనిపైననే పెద్ద వాదం చెలరేగింది. గ్రహగమనంలో కాలక్రమాన ఏర్పడే తేడాలను భగవంతుడు అప్పుడప్పుడు సవరించవలసి ఉంటుందని న్యూటన్ భావించాడు. మాటిమాటికీ మరమ్మతు కోరే గడియారాన్ని చేసినవాడు గొప్ప పనివాడెట్లా అవుతాడని లైబ్నిజ్ ఆక్షేపించాడు. మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, కీ ఇచ్చిన గడియారంవలె లోకం తనంత తానే నడుస్తున్నదనీ, చేసినవాడికి ఇక దానితో పని లేదనీ అన్నారు.

మన వేదాంతంలో గడియారం లేదు, కుండ ఉన్నది. కుండను చేసిన కుమ్మరి ఊరు విడిచిపోయినా కుండ నిలుస్తుంది. కానీ అద్వైత, విశిష్టాద్వైత ఆచార్యులు భగవంతుడు కుమ్మరి మాత్రమే కాడు, మట్టి కూడా ఆయనే అన్నారు. కుమ్మరి వెళ్ళిపోవచ్చును. మట్టి కుండను విడిచి ఎక్కడికి పోగలదు?

అయితే తర్కం వేరు, ఆపదలో ఉన్నవాని అనుభవం వేరు. ఈ సంగతి మన కవులకు బాగా తెలుసు. పోతన తన భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రునిచేత, అసలు ఆ దేవుడు ఉన్నాడా అన్న శంకను పలికించాడు. గోలకొండ చెరలో రామదాసు తాను చేయించిన నగలను ఏకరువు పెట్టి శ్రీరాముణ్ణే నిలదీశాడు. దేవుడు వినడనుకున్నవాడు అట్లా నిలదీయడు. సందేహమూ, నిష్ఠూరమూ కూడా భక్తిలో భాగమేనని తెలుగువారి సాహిత్యం చెబుతున్నది.

ఇక మన నేల సంగతి చూద్దాం. సమీపాన కావేరి పారుతున్నా, ధర్మపురి జిల్లా భూగర్భజలాలు ఫ్లోరైడుకు పేరుపడ్డాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడు. పళ్ళు రూపుదిద్దుకునే పసితనంలో ఆ నీరు త్రాగిన బిడ్డల పళ్ళపై మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఏ పాపం చేసి ఆ పసివాడు ఈ శిక్ష అనుభవిస్తున్నాడు?

ఇది శిక్ష అనడానికి నా మనసు ఒప్పదు. 1934 జనవరిలో బీహారులో ఘోరమైన భూకంపం వచ్చినప్పుడు, అస్పృశ్యతా పాపానికి అది దైవదండన అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యతను ఆయనవలెనే ద్వేషించిన రవీంద్రనాథ ఠాగూరు ఈ మాటను ఖండించారు. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలు ఉంటాయన్నారు. గాంధీజీ ఆ ఖండనను తమ హరిజన్ పత్రికలోనే ప్రచురించి సమాధానం వ్రాశారు. వారి వినయం మనకు ఆదర్శం. వాదంలో మాత్రం నేను ఠాగూరు పక్షం.

ఫ్లోరైడు రాతిలో ఉన్నది, నీటిలో కరుగుతున్నది. ఆ నియమం ధనికుని బావికీ పేదవాని బావికీ ఒక్కటే. ఆ నియమం నిలకడగా ఉన్నందువల్లనే 1937లో నెల్లూరు జిల్లా రోగుల ఎముకల బాధకు నీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు గుర్తించగలిగారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతి నల్గొండ పేరుతో లోకానికి తెలిసింది. మన జిల్లాకూ, కృష్ణగిరికీ 2013లో హొగెనకల్ తాగునీటి పథకం ప్రారంభమైంది. నియమం ప్రార్థననుబట్టి పూటకొక విధంగా మారేదైతే ఇందులో ఏదీ సాధ్యమయ్యేది కాదు.

ఈ నిలకడలోనే భగవంతుని సాన్నిధ్యం ఉన్నదని నా విశ్వాసం. అయితే ఆ నిలకడకు మూల్యం చెల్లిస్తున్నది ఏ తప్పూ ఎరుగని బిడ్డలు. ఆ బాధకు నా విశ్వాసం పూర్తి సమాధానం కాదు. సమాధానం చేతికందే వరకు వేచి ఉండకుండా చేయవలసిన పని మాత్రం ఉన్నది.

తల్లిదండ్రులారా, పంటి మీది మచ్చ నుదుటి వ్రాత కాదు. బిడ్డకు ఆ మాట చెప్పకండి, త్రాగేనీటిని పరీక్ష చేయించండి. ఉపాధ్యాయులారా, ఉదయం ప్రార్థన చేయించిన నోటితోనే రసాయనశాస్త్రం కూడా శ్రద్ధగా బోధించండి. పూర్వ విద్యార్థులారా, మీలో వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు. దేవుడు దగ్గరగా ఉన్నాడని నమ్మేవారు బిడ్డ బాధకు దూరంగా ఉండలేరు. నమ్మనివారికి ఆ బాధ ఒక్కటే చాలు. ఈ పనిలో ఇద్దరికీ చోటున్నది.

ఈ బడి మరెన్నో తరాలకు అక్షరాన్నీ, అడిగే ధైర్యాన్నీ ప్రసాదించుగాక అని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.