దాచుటయే చాలదు, తీసి చూడవలయును



మన బిడ్డలలో ననేకులు నేడు హైదరాబాదు, బెంగుళూరు నగరములందును విదేశములందును సాఫ్ట్‌వేరు ఉద్యోగములు చేయుచున్నారు. తెరమీద కనబడు సొగసు వేఱు. దాని వెనుక నుండి లెక్కలను భద్రపఱచు సర్వరుల పని వేఱు. ఈ రెండవ పనిలో మేము నేర్చిన యొక్క పాఠమును మాత్రము మనవి చేయుదుము.

2017 జనవరి 31వ తేదీ రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో నొక యింజనీరు డేటాబేసును చక్కదిద్దుచు, నకలు సర్వరునకు బదులు అసలు సర్వరునకే తొలగించు నాజ్ఞ నిచ్చెను. తప్పు గుర్తించి యాపులోపల సుమారు 300 గిగాబైటుల సమాచారము నశించెను. బ్యాకప్పులు లేవా యందురేమో! ఐదు విధముల యేర్పాటులు చేసికొనిరి గాని యందొక్కటియు నమ్మదగినదిగా తేలలేదు. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 9.6వ కూర్పు కాగా, నకలు తీయు సాధనము 9.2వ కూర్పుదై పనిచేయుట మానెను. ఆ సంగతి దెలుపు మెయిళ్లును చేరవలసినవారికి చేరలేదు. ఆఱు గంటల ముందు వేఱొక పనికై తీసిన నకలొకటి దైవికముగా నుండుటచే సంస్థ నిలిచెను. ఆ యాఱు గంటల మార్పులు మాత్రము మరల రాలేదు.

పరుల కథ చెప్పి మా తప్పును దాచుట న్యాయము గాదు. మన విద్యార్థివేతనముల జాబితాను కంప్యూటరున కెక్కించినవారము మేమే. ప్రతిమాసము నకలు తీసితిమి. ఒక్కనాడైనను తెఱచి చూడమైతిమి. యంత్రము చెడిననాడు తెఱచిన నది వట్టిది! జాబితాను కాగితములనుండి మరల వ్రాయులోపల కొందఱు బాలురకు కళాశాల రుసుము గడువు దాటిపోయెను. వారి తలిదండ్రులయెదుట నిలిచిన దినము మేము మఱవలేము.

కావున మా ప్రతిపాదన యిది. మూడు మాసముల కొకసారి నకలును వేఱొక కంప్యూటరులో తెఱచి, పేర్లను లెక్కించి, కార్యదర్శియు కోశాధికారియు పుస్తకమున సంతకము చేయవలయును. యంత్రము మౌనముగా నున్నంత మాత్రమున క్షేమమని తలపరాదు. తప్పు జరిగినచో దాచక చెప్పవలయును. గిట్‌ల్యాబువారు తమ తప్పును లోకమునకు వెల్లడించి, నిందను వ్యక్తిపై వేయక యేర్పాటులను దిద్దుకొనిరి. శిక్షకు వెఱచువాడు తప్పును దాచును. దాచిన తప్పు పెరుగును.

ధాన్యము గాదెలో నున్నదని నమ్మి కూర్చుండక, నడుమ నడుమ చేయిపెట్టి చూచుట మన పెద్దల యలవాటు గదా! సభవా రీ ప్రతిపాదనము నంగీకరింపవలయునని ప్రార్థించుచున్నాము.