మలివయసున కెమేరా తోడు
(పరకాలలో జరిగిన వయోవృద్ధుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చియు, పింఛనులను గూర్చియు ఈ సభలో మాటలాడుటకు నాకంటె తగినవారు కలరు. నేను మనవి చేయదలచినది ఒక చిన్న వినోదమును గూర్చి. మలివయసున ఛాయాచిత్రములు తీయుట నేర్చుకొనినచో మనకు తోడు ఎట్లు లభించునో నా అనుభవముతో విన్నవింతును.

వార్ధక్యమున మనలను బాధించునది మోకాళ్ల నొప్పి మాత్రమే కాదు. పలుకరించువారు లేకపోవుట అంతకంటె పెద్ద బాధ. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా ఉండిరి. నేడు ఆ సంఖ్య ఇంకను పెరిగినది. పిల్లలు చదువులకై, కొలువులకై హనుమకొండకో, హైదరాబాదుకో, సముద్రములు దాటియో పోవుచున్నారు. అది వారి తప్పు కాదు; చదివించి పంపినవారము మనమే. కాని ఇంట మిగిలినవారికి ప్రొద్దు గడవదు. ఈ బాధ మన పల్లెలకు మాత్రమే పరిమితము కాదు. లోకమున ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించినది.

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. నా భార్య గతించిన పిదప రెండేండ్లు గడప దాటుట దాదాపు మానితిని. నా కుమారుడు తన పాత ఫోను నాకిచ్చి పోయెను. దానిలో కెమేరా కలదని తెలిసియు ముట్టలేదు. సెలవులకు వచ్చిన మనుమరాలు, "తాతా, ఇక్కడ వేలు పెట్టు, అంతే" అని చూపినది. నలుబది సంవత్సరములు ఇతరులకు పాఠము చెప్పిన నేను ఆనాడు ఆమెకు శిష్యుడనైతిని. ఆమె వెడలిపోయిన మరునాటి ఉదయము కుంకుమేశ్వరస్వామి ఆలయమునకు పోయి, రాతి స్తంభముపై పడిన తొలియెండను చిత్రము తీసితిని. చిత్రము వంకరగా వచ్చినది. అయినను దానిని ఎవరికైన చూపవలెనని మనసు కలిగినది. రెండేండ్ల తరువాత నాకు కలిగిన మొదటి కోరిక అదియే.

మా వీథి చివర పత్తి ఏరుటకు కూలికి పోవు ఒక వృద్ధురాలు ఉండెడిది. ఒకనాడు ఆమె గడపలో కూర్చుండి బతుకమ్మకు తంగేడు పూలు ఏరుచుండగా, "అక్కా, ఒక ఫోటో తీయుదునా?" అని అడిగితిని. "ఈ ముసలిమొకం ఏం ఫోటో సారూ!" అని నవ్వినది. ఆ నవ్వునే చిత్రము తీసితిని. బజారులోని స్టూడియోలో అచ్చు వేయించి ఆమె చేతికి ఇచ్చితిని. ఆమె దానిని చాలసేపు చూచి, "నా ఫోటో పింఛను కార్డు మీద తప్ప ఎక్కడ లేదు సారూ" అన్నది. ఆ సాయంకాలమునకే ఆ చిత్రము వీథి అంతయు తిరిగినది. మరునాటి నుండి నన్ను పిలుచువారు మొదలైరి. ఒకరు తమ ఎడ్లజతతో నిలిచిరి. ఒకరు మునిమనుమని ఎత్తుకొని నిలిచిరి. ప్రతి ఇంట చాయ ఇచ్చిరి; చాయతోపాటు వారి కథయు చెప్పిరి. కెమేరా లేనిచో నేను ఆ గడపలు ఎక్కియుండను.

మరుసటి ఏడు ఆ వృద్ధురాలు కాలము చేసినది. దశదినకర్మకు పోయి చూడగా, పూలదండలో ఉన్నది నేను తీసిన చిత్రమే. ఆమె కొమారుడు నా చేయి పట్టుకొని, "మా అమ్మ నవ్వు మాకు మిగిల్చినవు సారూ" అన్నాడు. నాకు కన్నీరు ఆగలేదు. నా భార్య ముఖము నవ్వుతో ఉన్న చిత్రము మా ఇంట ఒక్కటియు లేదు. ఉన్నవన్నియు పెండ్లిండ్లలో వరుసగా నిలువబెట్టి తీసినవే. ఆనాడు నేను గ్రహించినది ఇది: చిత్రము తీయుట ఒక ఆట కావచ్చును, కాని తీయక పోగొట్టుకొనినది తిరిగి రాదు.

"ఈ వయసున క్రొత్త విద్యయా?" అని కొందరు అడుగవచ్చును. జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆమె 1815లో కలకత్తాలో జన్మించి, పిదప ఇంగ్లాండులో స్థిరపడినది. భర్త దూరదేశమునకు పోయిన కాలమున ఆమెకు పొద్దుపోవుటకై కూతురును, అల్లుడును 1863లో ఒక కెమేరా బహూకరించిరి. అప్పటికి ఆమెకు 48 ఏండ్లు. పనివారిని, ఇరుగుపొరుగువారిని, అతిథులను కూర్చుండబెట్టి ఆమె తీసిన ముఖచిత్రములు నేడు జగద్విఖ్యాతములు. జపానులో కిమికో నిషిమోతో అను అవ్వ 72వ ఏట కుమారుని తరగతిలో చేరి కెమేరా పట్టుట నేర్చినది. తన ముదిమిని తానే హాస్యము చేసికొనుచు తీసిన చిత్రములతో లోకమును నవ్వించి, 2025లో కన్ను మూసినది.

మన ప్రాంతమున సైతము ఈ కళకు పెద్ద పరంపర కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్, మొదట ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు సరదాకే కెమేరా పట్టినవాడు. మన వరంగల్లు బిడ్డ, 2022లో కీర్తిశేషుడైన భరత్ భూషణ్, తెలంగాణ పల్లెల తలుపులను, ముఖములను, బతుకమ్మలను, మాసిపోవుచున్న జీవనమును తన చిత్రములలో నిలిపెను. చాలకాలము వ్యాధితో పోరాడియు ఆయన కెమేరాను విడువలేదు.

ఇది మనసునకే గాక మెదడునకును మేలు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు డల్లాస్ శాఖవారు 60 నుండి 90 ఏండ్ల వయసు గల 221 మందిని పరీక్షించి 2014లో ఫలితములను ప్రకటించిరి. కొందరికి మూడు నెలలపాటు, వారమునకు సుమారు 15 గంటల చొప్పున ఛాయాచిత్రకళను గాని, బొంతకుట్టును గాని నేర్పిరి. కొందరు కూడి ముచ్చటలాడుటతోనే సరిపెట్టుకొనిరి. క్రొత్త విద్య నేర్చినవారి జ్ఞాపకశక్తియే మెరుగుపడినదని తేలినది. కావున తోడును కావలెను, నేర్చుకొనుటయు కావలెను. ఫోటో తీయుటలో రెండును కలవు.

మరియొక మాట. 1947 సెప్టెంబరు 2న ఈ పరకాలలో జాతీయపతాకమును ఎగురవేయుటకు గుమికూడిన జనముపై కాల్పులు జరిగి పలువురు అసువులు బాసిరి. వారి స్మృత్యర్థము 2003లో అమరధామము వెలసినది. వారిలో ఎందరి ముఖములు వారి ఇండ్లలోనైన చిత్రములుగా మిగిలియుండును? ఆనాడు సామాన్యులకు కెమేరా అందరానిది. నేడు ప్రతి ఇంట ఫోను కలదు. ఆనాటి సంగతులను తమ పెద్దల నోట విన్నవారు మనలో ఇంకను ఉన్నారు. వారి ముఖములను, మాటలను మనము నిలుపనిచో మరెవరు నిలుపుదురు?

ఇక కొన్ని ఆచరణయోగ్యములైన సూచనలు. ఇందుకు క్రొత్త కెమేరా కొననక్కర లేదు. చేతిలోని ఫోను చాలును. అద్దమును ముందుగా మెత్తని గుడ్డతో తుడువవలెను. మన ఫోటోలు మసకబారుటకు జిడ్డు వ్రేళ్లే తరచుగా కారణము. ఉదయమును, సాయంకాలమును వెలుతురు మెత్తగా ఉండును. మధ్యాహ్నపు ఎండ కన్నుల క్రింద నీడలు వేయును. ఇంటిలో తీయునప్పుడు మనిషిని వాకిలివైపు ముఖము త్రిప్పి కూర్చుండబెట్టవలెను. దూరము నుండి తీయక రెండడుగులు ముందుకు పోవలెను. చేయి వణకువారు మోచేతులను ప్రక్కలకు ఆనించి, గోడకు చేరబడి తీయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది అనుమతి. ఫోటో తీసినచో ఆయుష్షు తగ్గునని భయపడువారు మన పల్లెలలో ఉండిరి, వారిని పరిహసింపరాదు. వద్దన్నచో కెమేరా దింపి కుశలమడిగి రావలెను. స్నానఘట్టముల వద్ద, రోగుల మంచముల వద్ద, దుఃఖసమయములందు తీయరాదు. తీసిన చిత్రమును వారి సమ్మతి లేక పదిమందికి పంపరాదు.

తీసినవానిలో మంచివి ఏరి అచ్చు వేయింపుడు. ఫోను పగిలినచో వేయి చిత్రములు ఒక్క క్షణములో పోవును. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ వ్రాయుడు. చెమ్మ తగులని చోట దాచుడు. ఒక ప్రతిని చిత్రములోని వ్యక్తికి తప్పక ఇండు. అట్లు ఇచ్చుటతోనే స్నేహము మొదలగును.

ఒంటరిగా మొదలిడిన ఈ పనిలో నాకు నేడు నలుగురు మిత్రులు కలరు. ఒకరు వ్యవసాయదారు, ఒకరు విరమించిన కండక్టరు, ఒకరు దర్జీ, ఒకరు వంటపని చేయు అమ్మ. ఆదివారము ఉదయమున కలిసి బయలుదేరుదుము. 1213లో వెలసి, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన రామప్ప గుడికి ఒకసారి బస్సులో పోతిమి. అందరము ఒకే శిల్పమును తీసితిమి. ఒక్కొక్క ఫోనునందు ఒక్కొక్క విధముగా వచ్చినది. ఎవరిది మేలో తేల్చుకొనుటకు పరకాల చేరువరకు వాదించితిమి. ఇంటికి వచ్చి చూచుకొనగా, ఆ దినమున మందుబిళ్ల వేసికొనుట మరచితినని తెలిసినది! అట్లు మరువవద్దని మీకు మనవి. కాని అంతటి సంతోషము నాకు మిక్కిలి కాలమునకు కలిగినది.

ఇట్టి చిన్న బృందము ప్రతి గ్రామమున ఏర్పడవచ్చును. గ్రంథాలయమునందో, పంచాయతీ కార్యాలయమునందో ఒక తాడు కట్టి నెలకు ఒకసారి చిత్రములను వ్రేలాడదీయవచ్చును. పిల్లలు వచ్చి "ఈమె ఎవరు తాతా?" అని అడుగుదురు. వారికి చెప్పుటకు మనవద్ద ఒక కథ ఉండును. వినుటకు ఒకరు ఉందురు. మలివయసున మనము కోరునది అంతకంటె ఎక్కువ ఏమున్నది?

ఈ సభ ముగిసి ఇంటికి పోవునప్పుడు, మీ ప్రక్క ఇంటి పెద్దమనిషిని పలుకరించి ఒక చిత్రము తీయుడు. ముందుగా ఆయనను నవ్వింపుడు.