రెండు స్కానులు ఒకటియేనా?

ఒక రోగికి ఛాతీ స్కాను తీసిరి. ఆరు మాసముల తరువాత మరల తీసిరి. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి, ఊపిరితిత్తిలోని గడ్డ పెరిగినదా, తరిగినదా, ఉన్నట్లే యున్నదా యని వైద్యుడు పరిశీలించును. చికిత్స యంతయు ఆ పరిశీలనపై ఆధారపడి యుండును. అయితే వైద్యుని యెదుటనున్న ఆ బింబములు యంత్రమునుండి వెలువడినవి వెలువడినట్లే వచ్చినవని చెప్పగలవారెవరు? దారిలో వానియందేమియు మారలేదని యెట్లు తెలియవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు కొన్ని చిన్న పనిముట్లను గూర్చి నేడు ముచ్చటించుకొందము.

1895లో రాంట్‌జన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనిపెట్టినది మొదలు చిరకాలము వైద్యబింబమనగా ఫిలిమే. కుడి ఎడమలు తెలియుటకై ఒక సీసపు అక్షరమును ప్రక్కన నుంచి చిత్రము తీయువారు. ఫిలిమును వెలుతురునకెత్తి చూచినచో తనిఖీ ముగిసినట్లే. 1971లో లండనులోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో, హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రముతో మొదటి రోగికి సి.టి. స్కాను తీసిరి. నాటినుండి బింబమనునది సంఖ్యల పట్టిక యైనది. కాని ఒక్కొక్క తయారీదారు ఆ సంఖ్యలను తనకు తోచిన తీరున వ్రాసికొనుటచే, ఒక యంత్రపు భాష మరియొక యంత్రమునకు తెలియకుండెను. ఈ చిక్కును తీర్చుటకై అమెరికాలోని రేడియాలజీ వైద్యుల సంఘమును, విద్యుత్పరికరముల తయారీదారుల సంఘమును 1983లో ఒక ఉమ్మడి సంఘముగా నేర్పడినవి. వారి మొదటి ప్రమాణము 1985లో వెలువడెను. 1993లో దానికి డైకామ్ అను పేరు వచ్చెను. మన యూళ్లలో స్కానింగ్ సెంటరువారు చేతికిచ్చు సీడీలలో సామాన్యముగా నుండునవి ఈ డైకామ్ ఫైళ్లే.

ఈ ఫైలు నిర్మాణమును కొంచెము తెలిసికొందము. మొట్టమొదట 128 బైట్ల ఖాళీచోటు. ఆపైన డి, ఐ, సి, ఎం అను నాలుగక్షరములు. ఇది డైకామ్ ఫైలే యని చెప్పు ముద్ర. ఆ తరువాత అంశములు వరుసగా వచ్చును. ప్రతి యంశమునకు ఒక జంటసంఖ్య గుర్తు. 0010,0010 అనిన రోగి పేరు. 0028,0010 అనిన బింబమునందలి అడ్డువరుసల లెక్క. 0028,0030 అనిన ఒక చుక్కకు మరియొక చుక్కకు నడుమ గల దూరము, మిల్లీమీటర్లలో. ఇట్టివన్నియు ముగిసిన పిమ్మట బింబపు సంఖ్యలు వచ్చును. ఒక సి.టి. పలక 512 వరుసలు, 512 నిలువులు కలదైనచో, 2,62,144 చుక్కలగును. చుక్కకు రెండేసి బైట్లు చొప్పున 5,24,288 బైట్లు. అట్టి పలకలు ఒక పరీక్షలో వందలకొలదిగా నుండవచ్చును.

తెరపై చూచిన చాలదా యని శ్రోతలడుగవచ్చును. చాలదు. సి.టి. బింబమున సామాన్యముగా 4,096 మెట్ల వెలుగునీడలకు చోటుండును. సాధారణమైన తెర 256 మెట్లనే చూపును. నీటికి సున్న, గాలికి వేయి తక్కువ అను కొలతలో, ఎముకను చూడదలచిన ఒక భాగమును, ఊపిరితిత్తిని చూడదలచిన మరియొక భాగమును ఎన్నుకొని తెరపై పరచుదురు. కనుక రెండు బింబములు తెరపై ఒక్కటిగా కన్పట్టియు లోపల వేరు కావచ్చును; వేరుగా కన్పట్టియు లోపల ఒక్కటే కావచ్చును. కంటికి కనబడనిదానిని చదివి చెప్పు సాధనము కావలెను.

అట్టి సాధనములే మేము చెప్పదలచిన పనిముట్లు. వీనికి బొమ్మలు, మీటలు ఉండవు. కంప్యూటరు తెరపై ఒక పంక్తిలో పనిముట్టు పేరును, ఫైలు పేరును వ్రాసి ఆజ్ఞాపించిన, అది తన జవాబును అక్షరములలో నిచ్చును. జర్మనీలోని ఓల్డెన్‌బర్గు నగరమునందలి ఆఫిస్ అను సంస్థవారు రూపొందించిన డీసీఎంటీకే అను పనిముట్ల పెట్టెలో డీసీఎండంప్ అనునది యొకటి. ఫైలులోని అంశములనన్నిటిని, గుర్తు, విలువ, పేరులతో సహా, పంక్తికొకటిగా నది వ్రాసిచూపును. ఇది పరిశీలన. ఇక పోల్చుట.

పోల్చుటకు ముందు ‘ఒకటే’ యను మాటకర్థమేమో తేల్చుకొనవలెను. మూడర్థములు కలవు. మొదటిది, బైటు బైటును ఒకటే యగుట. ఇందుకు యూనిక్స్ కంప్యూటర్లతో వచ్చు సీఎంపీ అను పాత పనిముట్టు చాలును. కాని ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి పంపునపుడు ఫైలును నష్టము లేకుండ కుదించి యుండవచ్చును. అప్పుడు చుక్కలన్నియు యథాతథముగా నున్నను, బైట్లు మాత్రము మారిపోవును. సీఎంపీ వేరు వేరు అనును. అది నిజమే, కాని వైద్యునకు కావలసిన నిజము కాదు.

రెండవది, వ్రాత ఒకటే యగుట. రెండు ఫైళ్లను డీసీఎండంప్‌చే అక్షరములుగా మార్చి, ఆ రెండు జాబితాలను డిఫ్ అను పనిముట్టుకిచ్చినచో, భేదించిన పంక్తులను మాత్రము ఏరి చూపును. డిఫ్ 1970 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పుట్టినది. జీడీసీఎండిఫ్ అను మరియొక పనిముట్టు రెండు డైకామ్ ఫైళ్లను నేరుగా పోల్చును. ఇచ్చట నొక జాగ్రత్త కలదు. డీసీఎండంప్ పొడవైన విలువలను సామాన్యముగా కత్తిరించి చూపును. కత్తిరించిన భాగములో భేదమున్నచో డిఫ్‌నకు కనబడదు. పూర్తిగా చూపుమని ప్రత్యేకముగా అడుగవలెను.

మూడవది, బింబము ఒకటే యగుట. డీసీఎంటీకేలోని డీసీఎంఐసీఎంపీ అనునది రెండు బింబముల చుక్కలను జతజతగా పోల్చి, అత్యధిక భేదమెంత, సగటు భేదమెంత యని లెక్క చెప్పును. సున్న వచ్చినచో చుక్కలు మారలేదన్నమాట. నష్టము కలుగునట్లు కుదించినచో సున్న రాదు. అట్లు కుదించిన సంగతిని ఫైలులో 0028,2110 అను అంశమునందు గుర్తింపవలెననియు, ఒకమారు గుర్తించిన దానిని మరల చెరుపరాదనియు ప్రమాణము విధించుచున్నది.

ఇవన్నియు లెక్కలవారి వినోదములని తలపరాదు. ఉదాహరణకు గడ్డ వెడల్పు 40 చుక్కలనుకొందము. చుక్కల నడిమి దూరము 0.70 మిల్లీమీటరైనచో అది 28 మిల్లీమీటర్లగును. ఏదో కారణముచే ఆ యొక్క యంశము 0.75గా మారినచో అదే గడ్డ 30 మిల్లీమీటర్లగును. ఒక్క చుక్కయు మారలేదు. తెరపై చూచువానికి తేడా కానరాదు. కాని పెరగని గడ్డ పెరిగినట్లు లెక్క తేలినది! కుడి ఎడమలను తెలుపు అంశము తారుమారైనచో కలుగు కీడును వేరుగా చెప్పనక్కరలేదు. నాటి సీసపు అక్షరము చేసిన పనిని నేడు ఈ యంశములే చేయవలసి యున్నది.

కావలెనని చేయు మార్పులును కలవు. 2019లో ఇజ్రాయెలునందలి బెన్‌గురియన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, సి.టి. స్కానులలో లేని ఊపిరితిత్తుల క్యాన్సరు గుర్తులను చేర్చుటకును, ఉన్నవానిని తొలగించుటకును వీలున్నదని ప్రదర్శించిరి. అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు సయితము పెక్కుమారులు మోసపోయిరి. ఆ యేడే, మనము చెప్పుకొనిన 128 బైట్ల ఖాళీచోటును ఉపయోగించుకొని, ఫైలునందు హానికరమైన ప్రోగ్రామును దాచవచ్చునని మరియొకరు బయటపెట్టిరి. బింబమును చూపు తెర ఆ ఖాళీచోటును చూపనే చూపదు. బైట్లను వ్రాసిచూపు పనిముట్టు చూపును.

రోగి గోప్యము మరియొక విషయము. పరిశోధనకై బింబములనిచ్చునపుడు పేరు, పుట్టినతేదీ మొదలైనవానిని తొలగింతురు. తొలగించిన ఫైలును అసలుతో పోల్చినగాని ఏవి పోయినవో, ఏవి మిగిలినవో తెలియదు. అల్ట్రాసౌండు బింబములలో రోగి పేరు చుక్కలలోనే అచ్చుపడి యుండుటయు కలదు. అంశములను తుడిచిన అది పోదు. దానికి కన్నే శరణ్యము.

ఈ పనిముట్లకొక హద్దు కలదు. రెండింటికి భేదమున్నదని చెప్పుటయే వాని పని. వానిలో నేది సత్యమో అవి చెప్పజాలవు. అసలు ప్రతి భద్రముగా లేనిచో పోల్చుటకేమియు నుండదు. కావుననే బింబము పుట్టిననాడే దాని మూలమును దాచవలెను; డైకామ్ ప్రమాణమున గల డిజిటలు సంతకము వంటి ఏర్పాట్లను వాడుకొనవలెను. పరిశీలన నకలుపైననే జరుపవలెను. జాబితాలలో రోగి పేరుండును గనుక, పని ముగియగనే వానిని చెరిపివేయవలెను.

కిరాణాకొట్టులో త్రాసును తనిఖీ చేయు అధికారి సరకును కొనడు, అమ్మడు. ఐనను ఆయన వచ్చిపోయిన త్రాసుపై మనకు నమ్మకము హెచ్చు. ఈ పనిముట్లును రోగమును కనిపెట్టవు, మందునీయవు. వైద్యుడు నమ్మి చూచుచున్న బింబము నమ్మదగినదేనా యని మాత్రము తూచి చెప్పును. ప్రాణముతో ముడిపడిన నిర్ణయమునకు ముందు ఆపాటి తూనిక అవసరము.