మందూ కావాలి, మాటా కావాలి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. మానసిక ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నాకు పురమాయించారు. నేను డాక్టరును కాను, ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. చదివినదీ చూసినదీ మనవి చేస్తాను.

"వీణ్ణి ఎర్రగడ్డకు తోలాలె" అనే మాట మన దిక్కు చిన్నప్పటి నుంచి వింటున్నాం. నవ్వులాటకు అన్న ఆ మాట చాలా చెరుపు చేసింది. నిజంగా అవసరం పడినవాళ్ళు కూడా ఆ పేరుకే భయపడి తాయెత్తులు కట్టించుకున్నారు, భూతవైద్యుల చుట్టూ తిరిగారు. ఆ ఆసుపత్రి నిజాం కాలంలో జాల్నాలో ఉండేది, 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. అక్కడ చికిత్స పొంది వచ్చి, సర్వీసు పూర్తి చేసి పించను తీసుకుంటున్నవారు నాకు తెలుసు. ఆ సంగతి వారు ఎవరికీ చెప్పుకోరు. అదే గుండె ఆపరేషనైతే చొక్కా విప్పి కుట్లు చూపిస్తాం కదా!

నాతో పనిచేసిన ఒక మిత్రుని సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. రిటైరైన రెండో ఏడు ఆయనకు నిద్ర పోయింది. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేవాడు. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కింద డ్రాపయిన ఆడిట్ అభ్యంతరం మళ్ళీ తిరగదోడారని, పోలీసులు వస్తున్నారని అనేవాడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేశారు. చివరికి డాక్టరుకు చూపిస్తే, ఇది తీవ్రమైన డిప్రెషన్ అని, దానికి తోడు థైరాయిడ్ కూడా తక్కువగా ఉందని తేలింది. రెండింటికీ మందులిచ్చారు. మూడు వారాలైనా గుణం కనబడలేదని కొడుకు మాన్పించబోయాడు. ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు నచ్చజెప్పిన మీదట ఆగాడు. రెండో నెలలో మనిషి తేరుకున్నాడు. తేరుకున్నాను గదా అని తనంతట తానే మాత్రలు మానేశాడు. నాలుగు నెలలకు ఆ పోలీసులు మళ్ళీ వచ్చారు!

రెండోసారి వైద్యం వేరుగా జరిగింది. మందు రాసి పంపించక, డాక్టరు ఆయన భార్యనూ కొడుకునూ కూర్చోబెట్టి మాట్లాడారు. కౌన్సెలింగుకు పిలిపించి, ఆ ఆడిట్ భయాన్ని ఆయన చేతనే కాగితం మీద పెట్టించి, దానికి ఆధారమేమిటో, కానిదేమిటో ఆయన చేతనే రాయించారు. మన ఫైలు నోటింగు లాంటిదే అనుకోండి. పొద్దున నడక, వేళకు భోజనం, సాయంత్రం నలుగురిలో కూర్చోవడం. మాత్రలు మాత్రం ఆపలేదు. ఇప్పుడు ఆయన గ్రంథాలయానికి వెళ్ళి పేపరు ముందు ఎవరికి అందాలన్న విషయం మీద పోట్లాడుతున్నాడు.

మనలో కొందరు యోగా చేస్తే చాలు, ఇంగ్లీషు మందులు విషం అంటారు. వారికి ఒక్క మాట. మన సర్పగంధ వేరు పిచ్చికీ రక్తపోటుకూ పనిచేస్తుందని గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు 1931లోనే ప్రచురించారు. దాని నుంచి రిసర్పిన్ అనే మందును 1952లో వేరు చేశారు. క్లోర్‌ప్రోమజిన్ మందు మానసిక రోగులకు వాడుకలోకి వచ్చిందీ ఆ ఏడే. రిసర్పిన్‌తో కొందరు మరింత కుంగిపోతున్నారని తరువాత నివేదికలు వచ్చాయి, వాడుక తగ్గింది. చెట్టు మందు గదా, ఏం చేస్తుందిలే అనడానికి లేదు. అలాగే, గోలీ ఒక్కటి వేసుకుంటే సంసారంలోని చిక్కులన్నీ విడిపోతాయనీ అనుకోవద్దు.

మన పాలమూరులో దీనికి ఇంకో ముఖం ఉంది. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం మనకు తెలియనిది కాదు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి, జనం ఫిట్సు వచ్చి, లేనివి కనబడుతున్నాయని కేకలు వేస్తూ ఆసుపత్రులకు చేరారు. మన ఇంట్లో డబ్బాలో ఉండే నిద్రమాత్ర తరచుగా ఆ ఆల్ప్రాజోలమే. చీటీ లేకుండా ఏళ్ళ తరబడి వేసుకుంటే అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానితే అదే గతి పట్టవచ్చు. రాత్రి తూలి పడితే మన వయసులో తుంటి ఎముక విరుగుతుంది. డాక్టరుకు చెప్పి మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. పక్కింటాయనకు పనిచేసిందని ఆయన మాత్ర మనం మింగడం అసలే వద్దు. బి.పి., షుగరు మాత్రల చీటీ కూడా డాక్టరుకు చూపించండి.

మన నకారా తీర్పు వచ్చిన 1982లోనే జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమూ మొదలైంది. 1996లో జిల్లా కార్యక్రమం మొదట పెట్టిన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అయినా 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టిన రోగులు మంటల్లో చిక్కి 28 మంది చనిపోయారు. 2017 చట్టం గొలుసులు నిషేధించింది. అది 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మన బుద్ధి సరిగా ఉన్నప్పుడే, రేపు జబ్బు చేస్తే నాకు ఏ చికిత్స కావాలి, ఏది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా అందులో ఉంది. పించను కాగితాల్లో నామినీని రాసినట్టే. గుమాస్తాను గనుక ఈ సెక్షను నాకు బాగా నచ్చింది.

ఇక కార్యదర్శిగారికి నా విన్నపం. టెలిమానస్ అని 2022 అక్టోబరు 10న మొదలైన ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు. దాన్ని మన నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వరుసగా రెండు సమావేశాలకు రాని సభ్యుల పేర్లు రిజిస్టరు నుంచి తీసి, వారి ఇళ్ళకు ఇద్దరిద్దరిని పంపే ఏర్పాటు చేయండి. బాదేపల్లి వైపు ఇళ్ళు నాకు రాయండి. సైకిలు ఇంకా తొక్కుతున్నాను.